కరగని గీతలు

కేకు మీద ఫుట్‌బాల్ మైదానం వేయాలంటే ముందు కావలసింది క్రీమూ కాదు, రంగూ కాదు, దారం. ఈ సంగతి నాకు మైదానమ్మ ఇంట్లో మేడమీది గదిలో అద్దెకు దిగాకగానీ తెలియలేదు. అప్పటికే నేను చాలా ఊళ్ళు తిరిగి, చాలా పుస్తకాలు తిరగేసి, పుట్టినరోజు కేకులు కూడా నా వాటాకు వచ్చినన్ని తిని ఉన్నాను. తినేవాడికి గీత ఎక్కడ మొదలైందో ఏం పడుతుంది? వాడి కన్నంతా ముక్క ఎంత పెద్దదా అన్నదాని మీదే.

మైదానమ్మ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, వీధి పెట్టింది. పేరు వింటే ఆరడుగుల మనిషి కళ్ళముందు నిలుస్తుంది. చూస్తే పొట్టిగా, గుండ్రంగా, ఒక కనుబొమ్మ మీద ఎప్పుడూ పిండి అంటించుకుని తిరిగే మనిషి. వేళ్ళకు ఆకుపచ్చ రంగు. ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లోంచి వదలదు. కూరగాయల ఆమె ఒకసారి ఆ వేళ్ళు చూసి, "ఏం అక్కా, గడ్డి పీకే పనిలో చేరావా?" అని వేళాకోళమాడింది. "పీకడం కాదే, నాటే పని" అంది మైదానమ్మ.

అబద్ధమేమీ కాదు. చిన్న చిన్న చిల్లులున్న గొట్టంలోంచి పచ్చటి క్రీము పిండి, చటుక్కున పైకి లాగి వదిలితే గడ్డి పరకల్లా నిలబడుతుంది. కేకు నిండా అలాగే, ఒక కుదురు పక్కన ఇంకో కుదురు. వంటింటి కిటికీ కింద బల్ల, బల్ల మీద తిరిగే పళ్ళెం, దాని మీద కేకు. ఫ్యాను వేయదు, పంచదార పొడి ఎగురుతుందని. చెమట కారిపోతూ ఉంటుంది, భుజంతో తుడుచుకుంటుంది. ఆవిడ పువ్వుల కేకులు చేయదు, బొమ్మల కేకులు చేయదు. బంతులు, బాక్సింగ్ గ్లవుజులు, నీలం జెల్లీ పోసిన ఈతకొలను, టెన్నిస్ కోర్టు, పరుగుపందెం ట్రాకు, ఇవే. "పువ్వులు ఎవరైనా వేస్తారు అన్నయ్యగారూ, పెనాల్టీ గీత వేయమనండి చూద్దాం" అనేది.

అన్నయ్యగారు అంటే నేనే. ఇంట్లో దిగిన మొదటిరోజే అలా పిలిచేసింది. ఆ ఒక్క పిలుపుతో ఆవిడ భర్త నాకు బావ అయిపోయాడు, వాళ్ళమ్మాయికి నేను మావయ్యనైపోయాను. అద్దె మాత్రం అణా తగ్గలేదు.

మా బావ పాత స్టేడియంలో మైదానం చూసుకునేవాడు. గడ్డి కోయించడం, నీళ్ళు పెట్టించడం, గుంటలు పూడ్చడం అందరూ చేసేదే. ఆయన ప్రత్యేకత గీతలు. ఆటకు ముందు పొద్దున్నే రెండు మేకులు, ఒక తాడు, అడుగున చిల్లులున్న సున్నం డబ్బా పట్టుకుని దిగేవాడట. తాడు బిగించి, దాని పక్కనే నడుస్తూ డబ్బాను మణికట్టుతో తట్టుకుంటూ పోతే వెనకాల తెల్లగీత పుట్టుకొచ్చేదట, పాము కుబుసం వదిలినట్టు. మైదానమ్మ ఆ స్టేడియం క్యాంటీన్‌లో టీలూ బన్నులూ అమ్మేది. గీతలు గీసి టీకి వచ్చినప్పుడల్లా ఆయన బూట్లకున్న సున్నం ఆవిడ కడిగిన నేల మీద అచ్చులు పడేది.

"ఏమయ్యా, నీ గడ్డి మీద పిచ్చుక వాలితే తరుముతావు. నా నేల మీద నడవడానికి నీకెవరిచ్చారు లైసెన్సు?" అందట ఒకరోజు.

మర్నాటి నుంచి ఆయన బూట్లు బయట విడిచి వచ్చాడు. అదే వాళ్ళ ప్రేమకథ. అంతకంటే ఎక్కువ చెప్పమంటే ఇద్దరికీ చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

గీతల గురించి నేనూ కొంత ఆలోచించినవాణ్ణే. నేను చూసిన తగాదాల్లో సగం గీత దగ్గర పుట్టినవే: గోడ జానెడు ఇటు జరిగిందని అన్నదమ్ములు, సరిహద్దు ఏటి అవతలా ఇవతలా అని దేశాలు. కానీ ఆటస్థలంలో గీత వేరు. దానికోసం ఎవరూ చావరు. సాయంత్రానికి తొక్కి చెరిపేస్తారు, మళ్ళీ వారం కొత్తది గీస్తారు. పాతికమందీ అది నిజమని ఒప్పుకున్నంతసేపే దానికి బతుకు. బావ జీవితమంతా అలాంటి గీతలే గీశాడు. అందుకేనేమో, ఏ గీతనీ తొక్కేవాడు కాదు. ఇంట్లో నాపరాళ్ళ మధ్య సందుని కూడా దాటుకుంటూ నడిచేవాడు. ఆయన వెనకాల నడిస్తే మనకూ అదే అలవాటవుతుంది.

స్టేడియం కొట్టేశారు. ఆ చోట కార్లు నిలుపుకునే స్థలం వచ్చింది. ఆఖరిరోజు ఆయన ఇంటికి తెచ్చుకున్నది ఒక్కటే, పెయింటు బకెట్టులో మిగిలిన సున్నప్పొడి. మూత బిగించి, తీగ చుట్టి, మా మెట్ల కింద పెట్టాడు. ఎప్పుడైనా పెరటి గోడకు వేద్దామని ఆవిడ, ముట్టుకోవద్దని ఆయన. అలా ఉండిపోయింది.

కేకుల పని అంతకు కొంచెం ముందే మొదలైంది. వాళ్ళమ్మాయి చిన్నప్పుడు పరుగు తప్ప నడక ఎరగదు. పుట్టినరోజుకి ట్రాకు కావాలని పేచీ పెడితే, తల్లి కేకు కాల్చింది, తండ్రి పక్కన కూర్చుని గుండుసూదులు గుచ్చి, దారం బిగించి, ట్రాకు గీతలు వేసిపెట్టాడు. చూసిన ప్రతి తల్లీ నాకొకటి, నాకొకటి అంది. అప్పటినుంచీ పనులు పంచుకున్నారు. కాల్చడం, క్రీము, గడ్డి, పంచదార ముద్దతో ఆటగాళ్ళ బొమ్మలు ఆవిడవి. గీతలు ఆయనవి. మూల దగ్గర కోణం సరిగ్గా రావడానికి దారానికి కొలత ప్రకారం ముడులేసి త్రికోణంగా బిగించేవాడు, నేల మీద తాడుతో చేసినట్టే. జానెడు కేకుకి అంత హడావుడి ఎందుకని అడిగితే, "చిన్న గ్రౌండులో తప్పు పెద్దగా కనిపిస్తుంది బావా" అన్నాడు.

ఇంకోమాట కూడా అనేవాడు, నవ్వుతూనే. "నా గ్రౌండుని తొక్కేవాళ్ళు. దీని గ్రౌండుని మింగేస్తున్నారు. మొత్తానికి ఏదీ మిగల్లేదు."

నేను దిగేసరికి ఆయనకు మరపు మొదలై చాలాకాలమైంది. రోజూ పొద్దున నేను మెట్లు దిగగానే ఆయన వసారాలో కుర్చీలోంచి తేరిపార చూసేవాడు.

"ఎవరండీ తమరు?"

"మేడమీద ఉంటాను బావా."

"బావా అంటున్నారు. అంటే మా ఆవిడ తరఫా?"

"అంతే."

"అయితే మనకు పడదు లెండి" అని మొహం తిప్పుకుని, వెంటనే ఫక్కున నవ్వేవాడు. ప్రతిరోజూ అదే మాట, అదే నవ్వు. నేను కూడా ప్రతిరోజూ కొత్తగానే నవ్వేవాణ్ణి. నిజం చెప్పాలంటే అది అంత కష్టమేమీ కాదు.

అమ్మాయి ఇప్పుడు బడిపిల్లల వ్యాను నడుపుతుంది. పక్కవీధిలోనే కాపురం. వచ్చిందంటే హారను ముందు వస్తుంది, మాట వెనక వస్తుంది. ఒకసారి తండ్రి ఇంట్లోంచి జారుకుని ఆ కార్ల స్థలానికి పోయాడు. అక్కడ నేల మీద పసుపు గీతలుంటాయి కదా, కార్లకి. ఒక్కో కారు ముందూ నిలబడి, "గీత దాటావయ్యా, వెనక్కి తియ్" అని డ్రైవర్లకు చెబుతున్నాడట. కొందరు తీశారట కూడా. ఇంకోసారి పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయాడు. గిన్నె మాడి, గుడ్డకి అంటుకుని, పొగ మేడమీదికి వచ్చింది.

ఆ సాయంత్రం అమ్మాయి తల్లి ముందు తాళంచెవుల గుత్తి టపీమని బల్ల మీద పడేసింది. "అమ్మా, నువ్వు ఆయన్ని చూసుకుంటున్నావా, కాపలా కాస్తున్నావా? ఊరి చివర ఇలాంటివాళ్ళని చూసుకునే ఇల్లుంది. నేను వెళ్ళి చూశాను. శుభ్రంగా ఉంది, నర్సులున్నారు. నీకు ఏమన్నా అయితే నేనిద్దర్నీ మొయ్యలేను."

"ఆయనకేం పట్టింది? పేర్లు మరిచిపోతున్నాడు, అంతేగా. నీ పేరు నువ్వు పుట్టినప్పుడే మరిచిపోయాడు, రిజిస్టరు చేయించడానికి వెళ్ళి తిరిగొచ్చాడు."

"నవ్వించకు. నేను నవ్వను."

మైదానమ్మ పచ్చటి వేళ్ళు ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత నా వైపు చూసి, సాక్షిని నిలబెట్టినట్టు అంది: "అన్నయ్యగారి ముందు చెబుతున్నా. ఆయన గీత తిన్నగా పడ్డంతకాలం ఆయన ఆయనే. గీత వంకర పోయిననాడు నువ్వు ఎక్కడికి తీసుకెళ్తానంటే అక్కడికి. నేను నోరెత్తను."

"మాటేనా?"

"మాటే."

అప్పట్నుంచి ఆ ఇంట్లో ప్రతి కేకూ పరీక్షే. గీతలు అయ్యేదాకా ఆవిడ గడప పట్టుకుని నిలబడేది. సరిగ్గా పడగానే వాకిట్లోకి వచ్చి ఊపిరి వదిలేది. ఆయనకు ఈ సంగతి తెలియదు. ఆవిడ అంత శ్రద్ధగా చూస్తోందంటే పని నచ్చే అనుకునేవాడు. కొంచెం పొంగేవాడు కూడా.

కానీ ఆయన వేళ్ళకి పట్టు తగ్గింది. క్రీము సంచీ పిండితే ఒకచోట లావు, ఒకచోట సన్నం. మైదానమ్మ తక్కువదా? మిరియాల పొడి డబ్బా ఒకటి కడిగి, మూతకి సూదితో చిల్లులు పొడిచి, అందులో పంచదార పొడి పోసి ఆయన చేతికిచ్చింది. "పాత పద్ధతిలో కానివ్వండి" అంది. ఆయన డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. దారం పక్కన పెట్టి మణికట్టుతో తట్టాడు. గీత పడింది. వేళ్ళు మరిచిపోయినదాన్ని మణికట్టు దాచుకుంది.

ఒకటే చిక్కు. పంచదార పొడికి చెమ్మ పడదు. క్రీము మీద కాసేపే తెల్లగా ఉంటుంది, ఆపైన తడిసి, మెల్లగా పచ్చదనంలో కలిసిపోతుంది. వానాకాలం. ఈత నేర్పే ఒకాయన కొడుక్కి కేకు తీసుకెళ్ళి, మర్నాడు ఫోను చేశాడు. కొవ్వొత్తులు వెలిగించేసరికి గీతలే లేవట. మైదానం కాస్తా పశువుల బీడు అయిందట.

మైదానమ్మ ఫోను పెట్టేసి, గిన్నెలు కడుగుతూ, మామూలుగానే అంది. "మీ గీతలు కరిగిపోతున్నాయండీ. ఈ చెమ్మకి సాయంత్రందాకా ఆగట్లేదు."

అంతే. అందులో నిష్ఠూరం కూడా లేదు. కానీ బావ కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకున్నాడు. ఆయన గీసిన గీత పోయిందని ఆయనతో ఎవరూ ఎన్నడూ అనలేదు. వాన కురిసి పోయేది, ఆడి చెరిపేసేవాళ్ళు, అది వేరు. ఆటకు ముందే పోవడం ఆయన వృత్తిలో లేదు. ఆ పూటంతా కిటికీలోంచి ఆకాశం చూస్తూ కూర్చున్నాడు. "వాన వచ్చేలా ఉందా?" అని నన్ను అడిగాడు. మళ్ళీ అడిగాడు. ఏది మరిచినా గీతలు కరిగిపోతున్నాయన్న మాట ఒక్కటి మరిచిపోలేదు. ఆ మరుసటి వారమంతా కూడా.

ఆ వారం పళ్ళ డాక్టరమ్మ కూతురి పుట్టినరోజు. ఆ పిల్ల బడి జట్టులో గోల్‌కీపరు. తనే స్వయంగా తల్లితో వచ్చి చెప్పింది: "మైదానం మొత్తం కావాలి ఆంటీ. గోల్‌లో నేను ఉండాలి. గాల్లో ఉండాలి, బంతి పట్టుకుంటూ." మైదానమ్మ పంచదార ముద్దతో ఆ బొమ్మ చేయడానికి రెండుసార్లు విరగ్గొట్టింది. మూడోది నిలిచింది. పక్కకి దూకుతున్న పిల్ల, నడుం కింద కనపడకుండా చిన్న పుల్ల, నారింజ రంగు గ్లవుజులు.

ఆరోజు పొద్దుట్నుంచీ మబ్బు. గడ్డి నాటడం అయింది. బావ గుండుసూదులు గుచ్చి దారం బిగించాడు. అప్పుడే గ్యాసు సిలిండరు మనిషి వీధి తలుపు కొడితే మైదానమ్మ అటు వెళ్ళింది. వాడితో సీలు గురించి చాలాసేపు వాదించి, పంపించి, తిరిగొచ్చి గడపలో ఆగిపోయింది.

"అన్నయ్యగారూ! ఇలా రండి, చూడండి!"

నేను దిగాను. గీతలన్నీ పూర్తయ్యాయి. మధ్య వలయం, పెనాల్టీ పెట్టెలు, మూలల్లో చిట్టి వంపులు, ఒక్కటి తప్పలేదు, ఒక్కటి వంకర పోలేదు. ఎంత తెల్లగా ఉన్నాయంటే, ఆ మబ్బు వెలుతురులో గీతలు మాత్రమే కనిపించి కేకు లేనట్టు ఉంది.

"ఏం తెలుపండీ!" అంది మైదానమ్మ, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి.

బావ దారం చుట్టుకుంటూ తలెత్తకుండా అన్నాడు. "ఇవి ఆగుతాయి."

కేకు పెట్టె నేనూ ఆవిడా చెరోవైపు పట్టుకుని రెండు వీధుల అవతల డాక్టరమ్మ ఇంటికి చేర్చాం. దారంతా ఆవిడ మాట్లాడుతూనే ఉంది. అమ్మాయి ఈ గీతలు చూస్తే ఇంకో ఏడాదిదాకా నోరెత్తదంది. బాగున్న రోజులు కూడా ఉంటాయంది, డాక్టర్లకి అన్నీ తెలియవంది. నేను ఊఁ కొట్టాను. గాలిబుడగలు కడుతున్న ఇంట్లో కేకు దించి తిరిగొచ్చాం.

వంటింట్లో సామాను కడుగుతూ ఆవిడ మిరియాల డబ్బా తీసింది. ఖాళీ చేసే ముందు మూత మీద తట్టి, వేలికంటినది నాలిక మీద రాసుకోవడం ఆవిడకు అలవాటు. ఏ కేకుల ఆవిడైనా అంతే, చేతికంటింది నోటికే పోతుంది. నేను మెట్ల మీద ఉన్నాను. లోపల గిన్నె పడ్డ చప్పుడైంది. వెళ్ళేసరికి కొళాయి కింద నాలిక పెట్టి ఉమ్ముతోంది. కళ్ళలో నీళ్ళు.

"ఏవండీ, ఈ డబ్బాలో ఏం పోశారు?"

బావ వసారాలోంచి నెమ్మదిగా వచ్చాడు, నాపరాళ్ళ సందులు దాటుకుంటూ. మొహంలో ఎంత తృప్తి ఉందో నేను చెప్పలేను.

"ఇక కరగదు. వాన పడ్డా కరగదు."

మెట్ల కింద పెయింటు బకెట్టు తీగ విప్పి ఉంది.

తెల్లనివన్నీ పాలే అనుకునే వయసు మనిషికి రెండుసార్లు వస్తుంది. మొదటిసారి పక్కన ఎవరో ఉండి చేయి పట్టుకుని ఆపుతారు. రెండోసారి ఆ పక్కనున్నవాళ్ళు వీధి తలుపు దగ్గర సిలిండరు మనిషితో మాట్లాడుతూ ఉంటారు. ఇది ఆ తర్వాత ఎప్పుడో అనుకున్న మాట. అప్పుడు మాత్రం ఆవిడ వెనకాల పరుగెత్తాను. చెప్పులు లేవు, కొంగు జారిపోతోంది, ఆ పొట్టి కాళ్ళతో ఆవిడ నన్ను మించిపోయింది. వీధి మలుపులో కూరగాయల ఆమె "ఏమైందక్కా?" అని కేక వేసింది. ఆవిడ ఆగలేదు.

మేం వెళ్ళేసరికి డాక్టరమ్మ ఇంట్లో పిల్లలంతా బల్ల చుట్టూ మూగి ఉన్నారు. కొవ్వొత్తులు ఆర్పేశారు. గోల్‌కీపరు పిల్ల చేతిలో కత్తి. మైదానమ్మ పిల్లల్ని రెండు చేతులా తోసుకుంటూ పోయి, ఒక్క మాట లేకుండా, తన చేతులు రెండూ మోచేతుల దాకా ఆ మైదానంలోకి దించేసింది. పిసికేసింది. గడ్డి, గీతలు, గోలు, లోపలి చాక్లెట్టు, అన్నీ కలిపి ముద్ద చేసేసింది.

అప్పుడు ఒక పిల్లాడు భోరుమన్నాడు.

"ఏంటండీ ఇది! మతిపోయిందా మీకు?" అంది డాక్టరమ్మ.

"సూది... గుండుసూది ఒకటి తక్కువైందమ్మా. దారం కట్టేది. ఇందులో ఉండిపోయింది. పిల్లలు మింగుతారని..."

"ఫోను చేస్తే సరిపోయేది కదా!"

"తోచలేదమ్మా."

పెద్దవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. ఎవరో "ఇంట్లో చేసేవాళ్ళ దగ్గర తీసుకుంటే ఇంతే" అన్నారు, మెల్లగా అన్నట్టు గట్టిగా. మైదానమ్మ వినలేదు. ఆవిడ కళ్ళు పిల్లల మూతుల మీద ఉన్నాయి. ఒక్కొక్కరినీ చూస్తూ పోయి, బల్ల కాలి దగ్గర కూర్చున్న చంటిపిల్ల దగ్గర ఆగాయి. డాక్టరమ్మ చెల్లెలి కూతురు, ఇంకా మాటలు సరిగ్గా రాని పిల్ల. కేకు అంచున ఎప్పుడో వేలు పెట్టి నాకి ఉంటుంది. కింది పెదవి ఎర్రగా ఉంది. చప్పుడు లేకుండా ఏడుస్తోంది.

మైదానమ్మ ఆ పిల్లను ఎత్తుకుని వంటింట్లోకి పరుగెత్తింది. డాక్టరమ్మ ఏదో అనబోయి, పిల్ల పెదవి చూసి, తనూ పరుగెత్తింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను, ఇంకెవరూ లోపలికి పోకుండా.

"సూది కాదమ్మా" అంది మైదానమ్మ, పిల్ల నోట్లోకి చల్లటి నీళ్ళు పోస్తూ. "సున్నం. మా ఆయన... పంచదార అనుకుని కాదు. కరగకూడదని."

డాక్టరమ్మ పిల్లను తీసుకుంది. నోరు కడిగింది, మళ్ళీ కడిగింది, వేలు పెట్టి చిగుళ్ళు తడిమింది, లైటు కిందకి తీసుకెళ్ళి నాలిక, గొంతు చూసింది. పిల్ల ఏడుపు మొదట పెద్దదైంది, తర్వాత చిన్నదైంది, ఆ తర్వాత డాక్టరమ్మ గొలుసుతో ఆట అయింది.

"లోపలికి పోలేదు. పెదవి మీదే. రెండు రోజుల్లో తగ్గిపోతుంది" అంది చివరికి. తర్వాత గొంతు తగ్గించి, "ఆయనకి ఎన్నాళ్ళనుంచి?" అని అడిగింది.

మైదానమ్మ చెప్పింది.

"బయటివాళ్ళకి సూదే చెబుతాను. మా చెల్లెలికి మాత్రం నిజం చెప్పాలి, తల్లి కదా. కానీ ఒకటండీ, ఇంకెప్పుడూ ఆయన చేత తినే వస్తువు ముట్టించకండి. మీకే చెబుతున్నా."

"అలాగేనమ్మా."

బయట హాల్లో గోల్‌కీపరు పిల్ల ఆ ముద్దలోంచి తన బొమ్మను వెతికి తీసుకుంది. ఒక చేయి విరిగింది. గౌనుకి తుడిచి, చూసుకుని, ఎవరికీ ఇవ్వకుండా పిడికిట్లో పెట్టుకుంది.

ఇద్దరం తిరుగుముఖం పట్టాం. ఆవిడ చేతులు ఇంకా పచ్చగా, జిగటగా ఉన్నాయి. వాటిని ఒంటికి తగలకుండా దూరంగా పెట్టుకుని నడిచింది. ఇంటి దగ్గరికి వచ్చాక నేను ఉండబట్టలేక, "అమ్మాయికి తెలియక్కర్లేదు. సూది అన్నాం కదా, సూదే" అన్నాను.

"గీతలు బాగా పడ్డాయి కదూ అన్నయ్యగారూ?"

"ఒక్కటీ తప్పలేదు."

"నేననుకున్నాను, పోయేటప్పుడు ముందు గీత వంకర పోతుంది, అప్పుడు తెలుస్తుంది, అని. ఆ పిచ్చిధైర్యంతోనే ఉన్నాను. గీత తిన్నగానే ఉంది. మనిషే..." అని ఆగిపోయింది.

వసారాలో బావ లేచి నిలబడ్డాడు. "ఆట ఎలా జరిగింది?"

"బాగా జరిగిందండీ."

"గీతలు?"

"చివరిదాకా ఉన్నాయి."

ఆయన తల ఊపి కూర్చున్నాడు. ఆ సాయంత్రమే ఆవిడ కూతుర్ని పిలిపించి అంతా చెప్పేసింది. కూతురు తాళాలు బల్ల మీద కొట్టలేదు. గెలిచినట్టు చూడలేదు. తల్లి పక్కన నేల మీద కూలబడి, "మరి గీతలు సరిగ్గానే ఉన్నాయిగా అమ్మా, మాట ప్రకారం..." అని, తనే ఆ మాట పూర్తి చేయలేక ఏడ్చింది. అన్నాళ్ళూ తీసుకెళ్తానని పోట్లాడిన పిల్ల, ఇప్పుడు వద్దనడానికి దారి వెతుకుతోంది. తల్లే ఒప్పుకోలేదు. "చంటిపిల్ల పెదవి నువ్వు చూడలేదు" అంది.

సూది కథ మాత్రం వీధంతా తిరిగింది. చిలవలు పలవలు వేసుకుని, సూది కాస్తా బ్లేడు అయింది. ఆర్డర్లు పలచబడ్డాయి. వచ్చిన ఒకరిద్దరికి ఆవిడ బంతులూ గ్లవుజులూ చేసి ఇచ్చింది. మైదానం కావాలంటే, "అవి చేయడం మానేశానండీ" అనేది. అయినా వీధి పెట్టిన పేరు వీధి మార్చలేదు.

బావను తీసుకెళ్ళే రోజు పొద్దున ఎండ కాసింది. సంచీ సర్ది వసారాలో పెట్టి ఉంది. నేను దిగేసరికి ఆయన అడగాల్సిన ప్రశ్న అడగలేదు. ఉత్తినే చూశాడు. నేనే, "మేడమీద ఉంటాను బావా" అన్నాను. మర్యాదగా నమస్కారం పెట్టాడు. నవ్వలేదు.

మైదానమ్మ మెట్ల కింద నుంచి పెయింటు బకెట్టు లాగింది. పెరట్లోకి మోసుకెళ్ళింది. పాత తాడు, మేకులు, చిల్లుల డబ్బా అన్నీ తెచ్చింది. నేను సాయం పడతానంటే వద్దంది. ఒక మేకు ఆయన కొట్టాడు, వంగడానికి కష్టపడుతూ. రెండో మేకు మట్టి గట్టిగా ఉండి దిగలేదు. అందుకని తాడు రెండో కొస ఆవిడే పట్టుకుని గోడ మూల కూర్చుంది.

"బిగించు" అన్నాడు ఆయన. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. స్టేడియం గొంతు అయి ఉంటుంది.

ఆవిడ బిగించింది. ఆయన డబ్బా తట్టుకుంటూ బయలుదేరాడు. నల్లమట్టి మీద తెల్లగీత వెనకాలే వచ్చింది, తిన్నగా, ఆగకుండా. ఆవిడ దాకా రాకముందే కొంచెం దూరంలో ఆగాడు. అక్కడ మూల తిరగాలి. ఏ మూలైనా ఆయన అలా తాడు చూడకుండానే తిరిగేవాడట.

తిరగలేదు. అటు చూశాడు, ఇటు చూశాడు. వీధిలో వ్యాను వచ్చి ఆగిన చప్పుడైంది. హారను మాత్రం మోగలేదు. ఆయన తాడు వెంట చూపు పోనిచ్చి, దాని చివర ఉన్న పచ్చటి వేళ్ళ దగ్గర ఆగాడు.

"ఎవరోగానీ అమ్మా, పట్టు బాగుంది" అన్నాడు. "ఇప్పుడెటు?"

ఆవిడ చెప్పలేదు. ఆయనకే గుర్తొస్తుందేమోనని చూస్తోంది. గీత ఆయన కాళ్ళ ముందు ఆగి ఉంది. కూతురు పెరటి గుమ్మంలోకి వచ్చి, తాడు చూసి, అక్కడే నిలబడిపోయింది. మైదానమ్మ తాడు వదలలేదు, సడలించనూ లేదు.